కరివేపాకు రెబ్బ మొత్తం ఒక్క ఆకే

మొక్కల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తెగుళ్ళూ ఎరువుల సంగతి తక్కువ. ఎక్కువమంది భాగాల పేర్ల దగ్గరే చిక్కుకున్నారు. దేన్ని ఆకు అనాలి, దేన్ని రేకు అనాలి, ఏది ముల్లు, ఏది దుంప అని అడిగారు. ఈ పేర్లు పరీక్షకే పనికొస్తాయనుకుంటే పొరపాటు. కత్తెర ఎక్కడ పెట్టాలో, ఏ ముక్క నాటితే మొలుస్తుందో తేల్చేదీ ఇవే.

ప్రశ్న: ప్రాక్టికల్స్‌లో ఒక కొమ్మ ఇచ్చి ఆకు రకం రాయమన్నారు. చేతివేళ్ళలా ఏడు ఆకులు ఒకే చోట ఉంటే ‘హస్తాకార సంయుక్త పత్రం’ అని రాశాను. అది ఏడాకుల పాల చెట్టు కొమ్మ అనీ, దానివి సరళ పత్రాలనీ చెప్పి మార్కులు తీసేశారు. బూరుగు ఆకు కూడా అలాగే ఉంటుంది కదా? తేడా ఎలా పట్టుకోవాలి? – ఇంటర్ బైపీసీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

ముందు కూరగాయల బండివాడు కొసరుగా వేసే కరివేపాకు తీసుకోండి. రెబ్బలు విడివిడిగా ఉంటే పనికిరావు, కొమ్మకు అంటుకొని ఉండాలి. రెబ్బ కొమ్మను తాకే చోట, పైవైపు మూలను గ్రీవం అంటారు. అక్కడ ఆవగింజ కన్నా చిన్న మొగ్గ కనిపిస్తుంది. అదే గ్రీవపు మొగ్గ. ఇప్పుడు రెబ్బ పొడవునా చూస్తూ వెళ్ళండి. మనం ‘ఆకులు’ అనేవాటి మూలల్లో ఎక్కడా మొగ్గ ఉండదు. రెబ్బ చివర కూడా చిగురు లేదు, మరో ఆకులాంటిదే ఉంది. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. కాబట్టి రెబ్బ మొత్తం ఒకే ఆకు, పోపులో వేసేవన్నీ దాని ముక్కలు, అంటే పత్రకాలు. ఇలా పత్రకాలుగా విడిపోయిన ఆకు సంయుక్త పత్రం, విడిపోనిది సరళ పత్రం. చివర ఒంటి పత్రకంతో ముగుస్తుంది గనక ఇది విషమ పిచ్ఛాకార (ఈకలాంటి) సంయుక్త పత్రం. చింతాకులో పత్రకాలు జతలతోనే ముగుస్తాయి, అది సమ పిచ్ఛాకారం. శివుడికి పెట్టే మారేడు దళం కూడా అంతే, మూడు పత్రకాల ఒక్క ఆకు.

ఇదే కొలత ఏడాకుల పాలకు పెట్టండి. ఆకులన్నీ ఒకే కణుపు చుట్టూ ఉన్నా ప్రతి ఆకుకూ సొంత కాడ ఉంది, అది నేరుగా కొమ్మకే అతుక్కుంది. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఇంకోటి: వాటి నడుమ నుంచి కొమ్మ పైకి సాగుతుంది, పైన మళ్ళీ ఇంకో చుట్టు ఆకులు వస్తాయి. ఇది చక్రీయ పత్రవిన్యాసం, ఆకులు మాత్రం సరళం. చుట్టుకు ఏడే ఉండాలని లేదు, నాలుగూ ఉంటాయి. పేరు చూసి లెక్క రాయకండి. బూరుగులో పొడవాటి కాడ ఒకటుంటుంది, దాని కొసన అయిదు నుంచి ఏడు పత్రకాలు విచ్చుకుంటాయి, వాటి నడుమ నుంచి ఏదీ పైకి పెరగదు. మొగ్గ ఆ పొడవాటి కాడ అడుగున ఉంటుంది. ఏడాకుల పాల ఆకు తుంచితే పాలు కారతాయి, బూరుగుకు కారవు. అయితే పాలు మొక్కను గుర్తుపట్టడానికే తప్ప ఆకు రకం తేల్చడానికి సాక్ష్యం కాదు.

ఉసిరి దగ్గర పరీక్షకులు కూడా తడబడతారు. ఉసిరి రెమ్మ చూస్తే అచ్చం చింతాకులా సన్నటి సంయుక్త పత్రం అనిపిస్తుంది. పైగా సంయుక్త పత్రంలాగే రెమ్మకు రెమ్మ రాలిపోతుంది. కానీ పూత వేళ ఆ రెమ్మను తిప్పి చూడండి. చిట్టి ఆకుల గ్రీవాల్లో పూలుంటాయి, తరువాత కాయలు కూడా అక్కడే పడతాయి. పత్రకం మూలలో పువ్వు పుట్టదు. కనుక ఉసిరి రెమ్మ నిజంగా కొమ్మే, దాని మీదివి సరళ పత్రాలు. పెరట్లో మొలిచే నేలఉసిరిదీ ఇదే వేషం.

చిట్టచివరి చిగురు దగ్గర మొగ్గ కోసం వెతకొద్దు, అక్కడ అది ఇంకా రూపు కట్టి ఉండదు. కొస నుంచి నాలుగో అయిదో కణుపు చూడండి. పదింతలు చేసి చూపే చేతి భూతద్దం ఉంటే సరిపోతుంది. నేల మీద దొరికిన ఆకుతో జవాబు రాయడం మాత్రం మానుకోండి. మొగ్గ చెట్టు మీదే ఉండిపోతుంది.

ప్రశ్న: గులాబీ పూలు వాడాక ‘ఐదాకుల దగ్గర’ కత్తిరించాలని విన్నాను. పై నుంచి ఐదు ఆకులు లెక్కపెట్టి కోశాను. మొక్క జానెడు మిగిలింది. తప్పెక్కడ జరిగింది? – మిద్దె తోట పెంచే గృహిణి, కూకట్‌పల్లి

ఆ మాటే తప్పుదారి పట్టించేలా ఉంది. వాళ్ళ ఉద్దేశం ‘ఐదు పత్రకాలున్న ఆకు దగ్గర’ అని. గులాబీది పిచ్ఛాకార సంయుక్త పత్రం. వాడిన పువ్వు నుంచి కిందికి దిగండి. మొదట మూడు పత్రకాల ఆకు ఒకటో రెండో వస్తాయి, తరవాత ఐదు పత్రకాలది వస్తుంది. ఆ ఆకు మొదట్లో కాడకు రెండు వైపులా అతుక్కుని రెక్కల్లాంటి పచ్చటి అంచులు కనిపిస్తాయి. అవి పత్రపుచ్ఛాలు. వాటికి పైన గ్రీవంలో మొగ్గ ఉంటుంది. మొక్క బయటివైపు చూసే మొగ్గను ఎంచుకుని, దానికి 5-6 మిల్లీమీటర్ల పైన, మొగ్గ నుంచి దూరంగా వాలేలా ఏటవాలుగా కోయండి. మరీ ఆనించి కోస్తే మొగ్గ ఎండిపోతుంది. వేలెడు మోడు వదిలితే ఆ మోడు ఎండుతూ నల్లబడుతూ కిందికి దిగుతుంది, ఎండుకొమ్మ తెగులు ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది. మూడు పత్రకాల ఆకు దగ్గర కోస్తే నష్టం లేదు గానీ అక్కడి మొగ్గల నుంచి సన్న కొమ్మలు వచ్చి పువ్వు చిన్నదవుతుంది. లేత మొక్కకైతే మేం అదే చేయమంటాం, ఆకులు దానికి ఎక్కువ అవసరం.

ఇప్పుడు మీ జానెడు మొక్కకు ఎరువు పెట్టి తొందరపెట్టకండి. చిగుళ్ళు అంగుళం పొడవు వచ్చేదాకా కుండీ మన్ను పైపొర ఆరినప్పుడు నీళ్ళిస్తే చాలు. అంటు గులాబీ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. అంటు కట్టిన బుడిపె కింద నుంచి వచ్చే కొమ్మను పీకేయాలి. ‘ఏడు పత్రకాలుంటే నాటు కొమ్మ’ అనే గుర్తును నమ్మొద్దు, మంచి రకాల్లోనూ ఏడు ఉంటాయి. మట్టి కొంచెం తప్పించి కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడటమే సరైన పద్ధతి.

ప్రశ్న: దసరాకు జమ్మి అని కొన్న కొమ్మ సర్కారు తుమ్మ అని మా పెద్దాయన తేల్చేశారు. రెండిటికీ ముళ్ళున్నాయి, ఆకులూ ఒకేలా ఉన్నాయి. ఎలా తెలుస్తుంది? – సికింద్రాబాద్ నుంచి

ముల్లు ఎక్కడుందో చూసి మీ పెద్దాయన చెప్పి ఉంటారు. సర్కారు తుమ్మ ముళ్ళు కణుపుల దగ్గర, ఆకు పుట్టే చోట ఉంటాయి, చాలాసార్లు జంటగా. జమ్మి ముళ్ళు పొట్టిగా, అడుగు వెడల్పుగా, కణుపుకూ కణుపుకూ మధ్య చెదురుమదురుగా ఉంటాయి. కొమ్మను వేలితో తడుముతూ రెండు కణుపుల మధ్య ఆగండి. అక్కడ ముల్లు గుచ్చుకుంటే జమ్మి అని చాలావరకు నమ్మొచ్చు.

మనం అన్నిటినీ ముల్లు అనే అంటాం గానీ వృక్షశాస్త్రంలో అవి వేరు వేరు అవయవాలు. నిమ్మ, కాగితంపూల తీగల్లో ముల్లు ఆకు గ్రీవంలో, మొగ్గ ఉండాల్సిన చోట పుడుతుంది. అంటే అది మారిపోయిన కొమ్మ. లోపల చెక్క ఉంటుంది, విరిస్తే పీచుతో సహా వస్తుంది. నల్లతుమ్మలో ఆకు మొదట్లో జంటగా ఉండే పొడవాటి తెల్ల ముళ్ళు పత్రపుచ్ఛాల రూపాంతరం. రేగుకూ అంతే, కాకపోతే అందులో జంటలో ఒకటి సూటిగా, రెండోది కొక్కెంలా ఉంటుంది. చొక్కా పట్టుకుని వదలనిది ఆ రెండోదే. నాగజెముడులో పచ్చగా మందంగా ఆకులా కనిపించే పలక నిజానికి కాండం, దాన్ని పత్రాభకాండం అంటారు. ముళ్ళేమో ఆకులు. ఇక గులాబీది వీటిలో దేనికీ చెందదు. తొక్క మీద లేచిన మొన మాత్రమే, గ్రీవంతో కణుపుతో దానికి లంకె లేదు. బొటనవేలితో పక్కకు నొక్కితే టక్కున ఊడి, నున్నటి మచ్చ మిగులుతుంది. జమ్మి ముల్లు కూడా ఈ రకానిదే.

ప్రశ్న: మా కాలనీ పార్కులో చెట్లకు తెలుగు బోర్డులు పెడుతున్నాం. ఆకు ఆకారం దగ్గర ఆగిపోయాం. అండాకారం, విలోమ అండాకారం, దీర్ఘవృత్తాకారం, భల్లాకారం: ఏది దేనికి రాయాలి? – కాలనీ సంక్షేమ సంఘం, ఉప్పల్

కాడ వదిలేసి ఆకును అడ్డంగా, కొస మొదలును తాకేలా సగానికి మడవండి. మొదలు సగం కొస సగం కింద నుంచి బయటికి పొడుచుకొస్తే వెడల్పు మొదట్లో ఎక్కువున్నట్టు: అండాకారం. మందార ఆకు చూడండి. కొస సగం బయటికి వస్తే విలోమ అండాకారం. వీధుల్లో గొడుగులా అంతస్తులుగా పెరిగే బాదం ఆకు దీనికి చక్కటి ఉదాహరణ. రెండు సగాలూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటే దీర్ఘవృత్తాకారం. పొడవు వెడల్పుకు మూడింతలు దాటి, మొదటి సగంలో వెడల్పై కొసకు సన్నబడితే భల్లాకారం, అంటే బల్లెపు మొన. మామిడి ఆకు దీర్ఘచతురస్రానికీ బల్లేనికీ మధ్యలో ఊగుతుంది, ‘పొడవాటి బల్లెం’ అని రాయండి, ఎవరూ తప్పు పట్టరు.

హృదయాకారం అనేది ముఖ్యంగా ఆకు మొదలు గురించిన మాట. కాడ దగ్గర లోపలికి నొక్కుకుపోయి రెండు గుండ్రటి చెవులుంటే ఆ పదం వాడతారు. తమలపాకు, రావి అలాంటివే. రావితో ఒక తంటా ఉంది. దాని కొసన సాగే తోక ఆకు పొడవులో మూడో వంతు దాకా ఉంటుంది, తోకతో కలిపి మడిస్తే లెక్క తప్పుతుంది. పత్రదళం (ఆకు వెడల్పు భాగం) కొలత వేరుగా, తోక కొలత వేరుగా రాసుకోండి. సరస్వతి ఆకు మూత్రపిండాకారం. పార్కులో చిన్న కొలనుంటే తామర, కలువ పక్కపక్కన చూపించండి. తామరాకులో కాడ అడుగు నడిమధ్యన డాలుకు పిడిలా అతుక్కుంటుంది, అంచు ఎక్కడా తెగదు. కలువాకుకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది.

ఒక ఆకు చూసి బోర్డు రాయించొద్దు. కొమ్మ నడిమి భాగం నుంచి, ఎండ తగిలే వైపు, కనీసం పది ఆకులు కొలవండి. మొదలు నుంచి లేచిన పిలకల ఆకులు అసలైన ఆకారం చూపవు. పనస లేత మొక్కకు తమ్మెలు తమ్మెలుగా చీలిన ఆకులుంటాయి, ఎదిగిన చెట్టుకు చీలికలుండవు. నమూనాల కోసం కేబీఆర్ పార్కు వైపు మాత్రం వెళ్ళకండి. అది జాతీయ ఉద్యానవనం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుంది, ఆకు కూడా తెంపకూడదు.

అన్నట్టు, బోర్డు మీద ‘విలోమ అండాకారం’ అని ఉంటే చదివేవాళ్ళు పక్క చెట్టుకు వెళ్ళిపోతారు. ‘తలకిందులు చేసిన గుడ్డు ఆకారం’ అనండి.

ప్రశ్న: బతుకమ్మకు బంతిపూలు విడదీస్తుంటే ‘ప్రతి రేకూ ఒక పువ్వే’ అంది మా అమ్మాయి. స్కూల్లో చెప్పారట. నిజమేనా? మరి గునుగు, తంగేడు, గుమ్మడి సంగతేంటి? – అంబర్‌పేట నుంచి

అమ్మాయి చెప్పింది నిజం. బంతిని బ్లేడుతో నిలువుగా రెండుగా కోయండి. బయటి పచ్చటి గిన్నె రక్షక పత్రావళిలా (ఒక పువ్వు అడుగున ఉండే పచ్చ తొడుగులా) కనిపిస్తుంది, కానీ అది ఒకదానికొకటి అతికిన పుచ్ఛాల, అంటే పూల అడుగున ఉండే ఆకుల, వరస. దానిలోంచి ఒక రేకును అడుగు దాకా లాగండి. కింద నల్లటి సన్న పుల్లలాంటిది వస్తుంది. అది అండాశయం, ఎండితే మనం విత్తనం అని చల్లేది అదే. దాని పైన పొలుసులు రక్షక పత్రాల మిగులు. పసుపు రేకు, అతుక్కుపోయి ఒక వైపుకు సాగిన ఆకర్షణ పత్రాలు, అంటే ఆ చిన్న పువ్వు రేకులు. రేకు మొదట్లో చీలిన దారంలా కనిపించేది కీలాగ్రం, పుప్పొడి అందుకునే ఆడ భాగపు కొస. ఇందులో పుప్పొడినిచ్చే కేసరాలు లేవు కాబట్టి ఇది ఆడపువ్వు. నడిమధ్యలో గొట్టాల్లా ఉన్నవాటికి మాత్రం కేసరాలూ కీలమూ రెండూ ఉంటాయి. ఇన్ని పూల ఈ గుంపును శీర్షవద్విన్యాసం అంటారు. చామంతి, పొద్దుతిరుగుడు కూడా ఇంతే.

రేకబంతిలో నడిమి గొట్టాలు బాగా కనిపిస్తాయి, ముద్దబంతిలో దాదాపు అన్నీ రేకులే. అందుకే ముద్దబంతిలో పుప్పొడి తక్కువ, తాలు విత్తనాలు ఎక్కువ. విత్తనం దాచుకోవాలంటే పచ్చ గిన్నె గోధుమరంగుకు తిరిగేదాకా మొక్క మీదే ఉంచండి. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గట్టిగా నల్లగా ఉన్నవి ఉంచుకుని, పాలిపోయి వంగిపోయేవి పారేయండి. సంకర రకం ముద్దబంతి విత్తనం వేస్తే వచ్చే ఏడు కొన్ని రేకబంతులు మొలవడం మామూలే.

గునుగు కంకి. ఇరుసు మీద కాడల్లేని పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి, అందుకే అడుగు తెల్లబడ్డా కొస గులాబీ రంగులోనే ఉంటుంది. అందులో ఆకర్షణ పత్రాలు అనేవే లేవు. కనిపించేవి రేకుల చోట కాగితంలా పొడిగా ఉండే అయిదు పరిపత్రాలు. తడి అంతగా లేకపోవడం వల్లే గునుగు తొందరగా వాడదు, రంగునీళ్ళలో ముంచితే రంగు పట్టుకుంటుంది. తంగేడుకు పది కేసరాలు, పై మూడూ గొడ్డువి. మిగతావాటి పుప్పొడి పరాగకోశం (పుప్పొడి సంచి) కొసన ఉన్న రంధ్రంలోంచి రాలుతుంది.

గుమ్మడి దగ్గర మాత్రం చూసి కోయండి. రేకుల కింద బుల్లి గుమ్మడికాయలాంటి ఉబ్బు ఉంటే అది ఆడపువ్వు, ఆ ఉబ్బు నిమ్న అండాశయం. సన్నటి పొడవు కాడ మీద ఉబ్బు లేకుండా ఉంటే మగపువ్వు. బతుకమ్మకు మగపూలే కోసుకోండి, తీగకు రెండు మూడు వదిలేయండి. ఆడపువ్వు కోస్తే ఒక కాయ పోయినట్టే.

ప్రశ్న: కాగితంపూలకు రేకులు మూడేనా? – మెహిదీపట్నం నుంచి

మీరు రేకులంటున్న మూడూ పుచ్ఛాలు, అంటే రంగు పట్టిన ఆకులు. వెనక్కి తిప్పి చూస్తే ఈనెలు ఆకు ఈనెల్లాగే ఉంటాయి. ఒక్కోదాని నడి ఈనెకు అతుక్కుని లోపలివైపు సన్నటి తెల్ల గొట్టం ఉంటుంది. అది అసలు పువ్వు.

ప్రశ్న: బంగాళదుంప ముక్కలు కుండీలో నాటితే మొలిచాయి. అలాగే చిలగడదుంప ముక్కలు నాటితే కుళ్ళిపోయాయి. అల్లం ఎలా నాటాలి? – మల్కాజిగిరి నుంచి

బంగాళదుంప కాండం. దాని మీది ‘కన్ను’ గ్రీవపు మొగ్గ, కన్ను పైన కనుబొమలా వంపు గీత ఆకు మచ్చ. ఒక్క కన్నున్న ముక్కైనా మొలుస్తుంది. చిలగడదుంపేమో లావెక్కిన వేరు. దానికి కణుపులు లేవు, కళ్ళు లేవు. మొత్తం దుంపను ఇసుకలో సగం పాతితే తీగవైపు కొసన కొత్తగా మొగ్గలు పుడతాయి గానీ, ముక్కలు చేస్తే కోత నుంచి కుళ్ళు ఎక్కుతుంది. అడ్డంగా కోసిన తీగ ముక్కలే నాటండి. 20-30 సెంటీమీటర్ల పొడవు, నాలుగయిదు కణుపులు ఉండాలి. నడిమి కణుపులు మట్టిలోకి వెళ్ళేలా పడుకోబెట్టి, కొస పైకి వదలండి. వేళ్ళు ఆ కణుపుల నుంచే వస్తాయి.

అల్లం, పసుపు నేలలో అడ్డంగా పాకే కాండాలు, వాటినే కొమ్ములంటాం. ఉంగరాల్లాంటి గీతలు కణుపులు. ఒకటి రెండు మొగ్గలున్న 20-25 గ్రాముల ముక్క తీసుకుని, కోసిన వైపు ఒక రోజు నీడలో ఆరనిచ్చి, మొగ్గ పైకి వచ్చేలా 5 సెంటీమీటర్ల లోతులో మే-జూన్‌లో నాటండి. చేమదుంప కందం, నిలువుగా లావెక్కిన కాండం, చిటికెనవేలంత పిల్లదుంపైనా మొలుస్తుంది. ఉల్లిగడ్డలో మనం తినేది ఆకుల మొదళ్ళు. కాండం అడుగున బిళ్ళలా ఉంటుంది, వేళ్ళూ మొగ్గా దాని మీదే. కూరకు తరిగేటప్పుడు అడుగు బిళ్ళను అంగుళం మందం ఉల్లితో కలిపి కోసి, ఒక పూట ఆరబెట్టి మట్టిలో గుచ్చితే పచ్చి ఉల్లికాడలు వస్తాయి. బిళ్ళ లేకుండా కోసిన పై ముక్క ఎన్ని నీళ్ళు పోసినా కుళ్ళుతుంది.